బంగారి వినకూడని మాట

కార్తీకం ఆఖరి సోమవారం. మంచు పలచన. నీరు అంతంతమాత్రం.

మా జట్టుకి లాగుబుక్కు రాసేది నేనే. మబ్బుల మెట్ట మీద ప్రతి వలజట్టూ రోజుకో ముక్క రాసిపెట్టాలని సంఘం రూలు. గాలి ఎటు వీచింది, మంచు ఎంత పట్టింది, తొట్టెలోకి నీరు ఎంత దిగింది, అంతవరకే రాయమన్నారు. ఏడో తరగతి రెండుసార్లు చదివినదాన్ని, అంత తక్కువ రాయడం నాకు చేతకాదు.

సంగతేమిటంటే ఇవాళ బంగారి మళ్లీ మొరాయించింది.

బంగారి అంటే మా జట్టు ల్యాప్‌టాప్. మా వలలన్నిటికీ చుక్కాని అదే. మూతకి ఒకవైపు బందు ఊడిపోతే గేలపు తాడుతో కట్టాం. రాలిపోయిన మీటల చోట చింతగింజలు అంటించాం. చార్జింగు పెడితే దాని మీద పెసరట్టు పోసుకోవచ్చు. మూత పైన పసుపూ కుంకుమలతో రెండు కళ్లు దిద్ది ఉంటాయి, మా తాతలు పడవ ముక్కుకి దిద్దుకున్నట్టే. ఆ పడవలున్న ఒడ్డు ఇప్పుడు సముద్రం అడుగున ఉంది. అక్కడ చేపలకి పక్కా ఇళ్లు దొరికాయి. మేం కొండెక్కి మబ్బుల్ని పడుతున్నాం, వలకి అంటిన మంచు నీరై తొట్టెలోకి కారుతుంది. ఊరు పోయింది గానీ వల పోలేదు.

వల ఎత్తడానికీ దించడానికీ కొయ్యలుంటాయి. ప్రతి కొయ్యకీ బోర్లించిన చెంబులాంటి గాలిచెవి ఒకటి ఉంటుంది. గాలి జోరు ఎంతుందో బంగారి దాంతో వింటుంది. జట్టు నడిపే సరంగు కేకేస్తే వల దించుతుంది, కేకేస్తే ఎత్తుతుంది. మా సరంగు కొర్లయ్య. మా అప్ప పోలమ్మ మొగుడు, నాకు బావ. వల విషయంలో బంగారి ఆయన గొంతొక్కటే ఖాతరు చేస్తుంది. నేను గొంతు చించుకుని అరిచినా ఒక్క తాడు కదలదు.

ఇవాళ పొద్దున కొండగాలి లేచింది. బావ కింద నిలబడి "హైలెస్సో, దించీ" అని కేకేశాడు. బంగారి పలకలేదు. దాని తెర మీద గుండ్రటి చక్రం ఒకటి తిరుగుతూ కూర్చుంది, రాట్నం ముందు కునికే ముసలమ్మలా. వల ఉబ్బి పటపటలాడింది. బావ పంచె ఎగ్గట్టి కొయ్యెక్కేశాడు. అది తడికొయ్య, ఆయనవి అరిగిపోయిన మోకాళ్లు. పైన ముడి లాగి వల వదిలాడు గానీ అప్పటికే అంచు చిరిగిపోయింది. దిగేటప్పుడు కాలు జారి, ఒంటిచేత్తో వేలాడి, ఎలాగో నేలకి చేరాడు.

మా అప్ప నోట్లోంచి అడ్డచుట్ట రాలిపడింది. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు కూడా రాలని చుట్ట అది.

"ఏటి సూస్తన్నారు? గాలికి జారినాను. వయసుకి కాదు," అన్నాడు బావ.

"గాలికి నీ ఒక్కడితోనే పగేటి బావా? మిగతావోలు ఎవులూ జారడం నేదు," అన్నాను.

"ఏటన్నావు?"

"మెచ్చుకున్నాను."

బావకి చెవులు మొద్దుబారాయి. అందుకే బంగారిలో నేనే ఒక ఏర్పాటు చేసిపెట్టాను. ఎవరేం మాట్లాడినా తెర మీద పెద్దక్షరాల్లో పడుతుంది, ఆయన చదువుకుని జవాబిస్తాడు. బంగారి మొరాయించిన పూట మాత్రం ఆయన్ని ఏమన్నా అనొచ్చు. ఆ సౌకర్యాన్ని నేనెప్పుడూ వృథా పోనివ్వలేదు.

మంగళవారం. మంచు లేదు. ఎండ.

పడవకి వినబడేలా "పాతబడిపోయింది, మార్చేద్దాం" అనకూడదు. అంటే అది అలిగి నడిసముద్రంలో ముంచుతుంది. మా వాళ్లు సముద్రాన్ని వదిలి కొండెక్కినా ఈ భయాన్ని మాత్రం మూటకట్టి వెంట తెచ్చుకున్నారు. కాబట్టి బంగారిని ఏం చెయ్యాలన్న ముచ్చట బంగారి ఎదుట పెట్టకూడదు.

మరి ఇదంతా బంగారి మీదే రాస్తున్నావు కదే అంటారేమో. వినకూడదన్నారు పెద్దలు, చదవకూడదనలేదు. చదువుకుంటే చదువుకోనీ. నా రాత చదివి అలిగేపాటి ఓపిక దానికెక్కడిది?

బావ పాకలో బంగారిని ఎదురుగా పెట్టుకుని చిరిగిన వల అల్లుకుంటున్నాడు. మేం జట్టంతా చివరాఖరి కొయ్య కిందికి పోయి కూర్చున్నాం. బావకి కూడా తెలియకుండా తేల్చాల్సిన సంగతే మరి. ఇద్దరూ ఒకేచోట మాకు దూరంగా ఉండడం మంచిదే అయిందనుకున్నాం.

"మార్సీయండి," అంది అప్ప, చుట్ట నిప్పు నోట్లోనే ఉంచుకుని. "కొత్తదైతే దాని వల అదే దించుకుంటాదట. ఈ మనిషి అరిగిన మోకాళ్లతో కొయ్యెక్కడం తప్పుతాది."

"కొత్తదొస్తే కేకే అక్కర్నేదు. కేక నేని కాడ సరంగు ఎందుకే? సంఘమోలు పేరు కొట్టేస్తారు," అన్నాను. అది నిజం. పక్క జట్టువాళ్లు కొత్త యంత్రం తెచ్చుకున్న రోజే వాళ్ల సరంగు పేరు బోర్డు మీంచి చెరిపేశారు. ఆయన ఇప్పుడు మేకల్ని పిలిచి వాటికి హైలెస్సో చెబుతున్నాడు.

తాళ్లు చూసే దానయ్య గడ్డం గోక్కున్నాడు. "సరంగు కాకపోతే కొర్లయ్య ఏటౌతాడు?"

"బతికుంటాడు," అంది అప్ప.

దానయ్య చెయ్యి మళ్లీ గడ్డం మీదికి పోయింది. నాకు మాత్రం నోరు ఊరుకోదు.

"బతికుండి రోజంతా నీ ముందరే కూకుంటాడు. నువ్వు కూర తరిగితే ఇలాక్కాదంటాడు. అన్నం వార్సితే అలాక్కాదంటాడు. ఆలోసించుకో అప్పా."

అప్ప నిజంగానే ఆలోచించింది. మొహం చూస్తే తెలిసిపోయింది.

ముందు రిపేరువాణ్ణి పిలిపిద్దాం, ఆ తర్వాత కొత్తది అమ్మేవాణ్ణి పిలిపిద్దాం, ఏదైనా మార్గశిరం పెద్దమంచు పట్టేలోగా తేల్చేద్దాం అనుకుని లేచాం. పెద్దమంచు నీళ్లే మాకు ఎండాకాలమంతా గొంతు తడిపేది. ఆ పూట వల చిరిగితే వైశాఖంలో తొట్టె అడుగు నాకాలి.

లేస్తూ నేనో మాట అన్నాను: "బావ ఉన్నంతకాలం బంగారి ఉండాల. అంతే." అందరూ తలకాయలు ఊపారు, అప్ప తప్ప.

గురువారం. సాయంత్రం కాస్త మంచు.

రిపేరు సూర్నారాయణ రోప్‌వే మీద వచ్చాడు. వచ్చీరాగానే ఒక మూలకి పోయి మధ్యాహ్నం తిన్నదంతా కక్కాడు. కిందివాళ్లకి మా కొండ పడదు.

మంచినీళ్లు తాగి, తేరుకుని, బంగారి అడుగు విప్పాడు. లోపల ఏం లేదు గనక! చీమల పుట్ట, అప్ప చుట్టల బూడిద, ఎండిన మెత్తళ్ల చేపలు, నా ముక్కుపుడక. ఆ ముక్కుపుడక అప్పే తీసిందని నేను ఒక ఏడాది పొడుగునా సాధించాను. ఆవిడ అటు తిరిగింది చూసి గబుక్కున నోట్లో వేసుకున్నాను.

"బ్యాటరీ చూడండి, పూరీలా పొంగింది. ఫ్యాను తిరగట్లేదు. అసలు ఇది ఎంత పా—" అన్నాడు సూర్నారాయణ.

దానయ్య వాడి నోరు మూసేశాడు.

"బయటికెళ్లి సెప్పు బాబూ," అంది అప్ప.

"మీకేమన్నా పిచ్చా? ఇది వింటుందా?"

"నువ్వు మీ అత్త ఎదర నిలబడి ఎప్పుడు పోతావే అని అడుగుతావేటి?" అన్నాను.

సూర్నారాయణ నోరు కట్టేసుకున్నాడు. బహుశా ఒకసారి అడిగి ఉంటాడు.

ఆఖరి కొయ్య కిందికి తీసుకుపోయాక చెప్పాడు. బ్యాటరీ మారుస్తాడు, ఫ్యాను తుడుస్తాడు. మామూలు మంచుకి ఢోకా లేదు. కానీ గాలి బాగా లేచినప్పుడు అన్ని వలలూ ఒక్కసారే చూసుకోవాలి కదా, అప్పుడు వేడెక్కుతుంది, వేడెక్కితే ఆగిపోతుంది. "ఆగకపోవచ్చు కూడా. పూచీ మాత్రం నాది కాదు."

"మరి ఆగితే?" అంది అప్ప.

"అప్పుడు ఎవరో ఒకరు ఎక్కి చేత్తో దించుకోవాలి."

అప్ప నా వైపు చూసింది. నేను మబ్బుల వైపు చూశాను.

సూర్నారాయణ కూలీ కింద ఒక డబ్బా మంచునీళ్లు తీసుకుని దిగిపోయాడు. కింద పెళ్లిళ్లలో మా నీళ్లని వెండిగ్లాసుల్లో పోస్తారట. మేం మాత్రం వాటితో గిన్నెలు కడుక్కుంటాం.

శనివారం. మంచు చిక్కన. గాలి మొదట లేదు, తర్వాత ఉంది.

కొత్తది అమ్మే కుర్రాడు వచ్చాడు. పేరు రిత్విక్. బూట్లు తెల్లగా ఉన్నాయి. మా బురదలో అవి తెల్లగా ఉన్నది ఎంతసేపో చూద్దామని దానయ్యా నేనూ పందెం వేసుకున్నాం.

అతన్ని బంగారి కంటబడకుండా వెనకదారిన ఆఖరి కొయ్య దగ్గరికి తీసుకుపోయాం. కొత్త యంత్రం అప్పడంలా ఉంది. ఆ కొయ్యకి తగిలించాడు.

"చూడండి మేడం, దీనికి ఎవరి గొంతైనా ఒకటే. అసలు గొంతు కూడా అక్కర్లేదు. మీరు హాయిగా ఇంట్లో పడుకోవచ్చు," అన్నాడు అప్పతో.

"ఆ పని మా ఇంట్లో ఒకలు ఇప్పటికే సేస్తన్నారు," అంది అప్ప నన్ను చూపిస్తూ.

నాకు పౌరుషం వచ్చింది. రిత్విక్ తన సంచీ తీసి, నేలంతా బురద గనక, వల కొక్కేనికి తగిలించాడు. నేను మెల్లగా నీళ్లపీపా వెనక్కి జారుకున్నాను. ముక్కు మూసుకుని, "హైలెస్సో, ఎత్తీ!" అని కేకేశాను.

వల లేచింది. దానితోపాటు సంచీ లేచింది.

"దించు! దించు!" అన్నాడు రిత్విక్. దిగింది.

"ఎత్తీ!" అన్నాను. లేచింది.

పాపం అతను చెప్పింది నిజమే, దానికి ఎవరి గొంతైనా ఒకటే. సంచీ తిరనాళ్లలో ఉయ్యాలలా పైకీ కిందికీ ఊగింది. నాలుగో ఊపుకో అయిదో ఊపుకో లోపలి క్యారియరు మూత ఊడింది. మబ్బులు పట్టడానికి కట్టిన వలలో మొట్టమొదటిసారి పులిహోర పడింది. జట్టంతా నేల మీద దొర్లి నవ్వారు. అప్ప కూడా కొంగు అడ్డం పెట్టుకుంది.

అప్పుడు కొత్త యంత్రం తనంతట తను మాట్లాడింది. "ఈ ఆజ్ఞలు పనికోసం కావు. ఇక వినను," అంది, చాలా మర్యాదగా. వల దించేసింది. నాకు కోపం రాలేదు. నా చిన్నప్పటి టీచరు కూడా అంత మర్యాదగా నన్ను బయటికి పంపలేదు.

సంచీ దులుపుకుంటూ ఉండగా ఆ వల మళ్లీ దానంతటది పైకి లేచింది. మంచు చిక్కబడింది కదా. చుక్కలు టపటపా కారడం మొదలుపెట్టాయి. ఇంకాసేపటికి, ఎవరమూ ఏమీ అనకముందే, సర్రుమని కిందికి దిగిపోయింది. ఏమిటా అని చూసేలోగా కొండగాలి మా మొహాన కొట్టింది. గాలి మాకు తగిలేసరికి వల ముడుచుకుని పడుకుని ఉంది. ఒక్క పోగు కదల్లేదు.

అక్కడ పాక దగ్గర బావ కేక వినబడింది. బంగారికి కొత్త బ్యాటరీ కదా, అది కూడా మాట వింది. మిగతా వలలు దిగాయి. కాస్త ఆలస్యంగా దిగాయి.

ఎవరూ నవ్వలేదు. పులిహోర మెతుకులకి కాకులు చేరాయి.

"మార్గశిరం వచ్చేలోగా చెప్పండి మేడం. తర్వాతైతే వచ్చే ఏడే," అని రిత్విక్ వెళ్లిపోయాడు. బూట్ల పందెం నేనే గెలిచాను. గెలిచినట్టు లేదు.

ఆదివారం. మంచు మామూలు. నీరు మామూలు. మనుషులు కాదు.

బావ వాలకం బాగోలేదు. పొద్దున గంజి తాగుతూ, ఎవరూ ఏమీ అడక్కుండానే, "నా మోకాళ్లకేటి, ఇనుము," అన్నాడు. ఆయన మోకాళ్ల మాట మంగళవారం ఆఖరి కొయ్య కిందే అనుకున్నాం. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, "పులిహోరలో ఉప్పు సరిపోనాదేటి?" అని నన్నడిగాడు. అడిగి వల అల్లుకోవడంలో పడిపోయాడు.

ఇది దానయ్య పనే. వాడి నోట్లో నువ్వుగింజ నానదు. వాడి చుట్టల కట్టలో ఒకదానికి మిరపకాయ దట్టించి పెట్టాను. ఇది రాస్తుండగానే అటునుంచి దగ్గు వినబడింది.

సాయంత్రం అప్ప తొట్టె దగ్గర నన్ను పట్టుకుంది. చుట్ట లేదు. చుట్ట లేని అప్పంటే నాకు భయం.

"నిన్న సూసినావు కదే. కొత్తదానికి గాలి ముందలే తెలుస్తంది."

"తెలుస్తంది."

"మరి ఇంకా ఏటి నీ పంతం?"

"బావ కేకేసినప్పుడు ఆ మొగం సూసినావా అప్పా? పొద్దుటేల కేకేసి వచ్చి గంజి తాగుతాడు సూడు, ఆ మొగం. అది పోతాది."

"ఆడు జారినప్పుడు నువ్వు నవ్వినావు."

"నవ్వకపోతే ఏడ్సీదాన్ని."

అప్ప తొట్టెలో చెయ్యి పెట్టి నీళ్లు కలిపింది, ఏదో వెతుకుతున్నట్టు. "ఆడికి కొయ్య గావాల. నాకు ఆడు గావాల. నువ్వు తేల్సీ. నాకు సాత కాదు," అని వెళ్లిపోయింది.

జట్టంతా కూడా ఆ మాటే అన్నారు. నూకాలు, అంటే నేను, ఏదంటే అదే అన్నారు. ఇంతకాలం నా మాట ఎవరూ వినలేదని మొత్తుకున్నదాన్ని. తీరా వింటామనేసరికి నీళ్లపీపా వెనక దాక్కుందామా అనిపించింది. ఈ మంచుకాలానికి బంగారికి చేయించిన వైద్యంతోనే నెట్టుకొద్దాం, వచ్చే ఏడు చూద్దాం అన్నాను. బావ కేక కోసమే అన్నాను. కొత్తది వస్తే లాగు కూడా అదే రాసుకుంటుందట, ఆ బాధ కూడా కాస్త లేకపోలేదు.

మార్గశిరం. పెద్దమంచు.

తెల్లారింది గానీ తెల్లారినట్టు ఎవరికీ తెలియలేదు. చెయ్యి చాపితే వేళ్లు కనబడని మంచు. వలలన్నీ ఎత్తి ఉన్నాయి. కొయ్యల వెంట నీరు ధారలు కట్టింది. తొట్టె నిండి రెండో తొట్టెలోకి పొర్లుతోంది. దానయ్య ఆనందం పట్టలేక పాట ఎత్తుకున్నాడు. అదే ఆ రోజు మొదటి ప్రమాదం.

రెండోది కొండగాలి.

"హైలెస్సో, దించీ!" బావ కేక. ఒక్కొక్క వలే దిగుతూ వచ్చింది. ఆఖరి కొయ్య మీది పెద్ద వల ఒక్కటీ సగంలో ఆగిపోయింది. అప్ప పాకలోకి పరిగెత్తి బంగారిని చూసి వచ్చింది. వేలు గాల్లో గుండ్రంగా తిప్పింది. చక్రం.

ఆ వలకి మిగతా వాటికంటే రెట్టింపు మంచు పడుతుంది. అది పోతే మా ఎండాకాలం పోయినట్టే. గాలికి కొయ్య కిర్రుమంటోంది. అందరూ బావ వైపు చూశారు. అప్ప ఆయన పంచె చెంగు రెండు చేతులతో పట్టుకుంది.

బావ పంచె ఎగ్గట్టలేదు. పక్కనున్న రాయి మీద కూర్చుని, చుట్ట తీసి, "నిప్పుందేటి?" అన్నాడు.

"బావా! వల!" అని అరిచాను.

"నానెక్కను."

"మరెవులెక్కుతారు?"

"వైద్యం సేయించినోలు ఎక్కుతారు." నా కళ్లలోకి చూశాడు. "'బావ ఉన్నంతకాలం బంగారి ఉండాల.' ఈ కొయ్య కిందే కదేటే అన్నావు?"

నేను కొయ్యలా బిగుసుకుపోయాను. ఆ రోజు ఆయన పాకలో ఉన్నాడు. చెవుడు. దానయ్య వైపు చూస్తే వాడు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేశాడు. వాడు కాదు.

బావ చుట్టతో కొయ్యకున్న గాలిచెవిని టంగుమని కొట్టాడు.

అప్పుడు వెలిగింది. గాలిచెవి గాలినే వింటుందని మా నమ్మకం. దాని కింద కూర్చుని మేం ఆడిన ప్రతి మాటా బంగారి చెవిన పడింది. బంగారి చెవిన పడిందల్లా, నేనే చేసిపెట్టిన ఏర్పాటు పుణ్యమా అని, బావ ఎదుట పెద్దక్షరాల్లో పడింది. ఆయన వల అల్లుకుంటూ, ఒక్కొక్క కన్నానికీ ఒక్కొక్క మాట చదువుకున్నాడు. బంగారి వినకూడదని అంతదూరం నడిచి, దాని చెవిలోనే పోయి కూర్చున్నాం.

"అన్నీ సదివినావా?" అన్నాను.

ఆయనకి వినబడలేదు. కానీ నా మొహం చదివాడు. "నా మొగం పోతాదన్నావు. అదీ సదివినాను. ఎక్కు మరి."

తొట్టె దగ్గరా ఒక గాలిచెవి ఉందని అప్పుడు గుర్తొచ్చింది.

చీర దోపి ఎక్కాను. నా వయసు ఇక్కడ రాయను. తడికొయ్య పాములా ఉంది. నాలుగు బారలు ఎక్కేసరికి నేల కనబడలేదు. ఇంకో రెండు బారలకి నా కాళ్లూ కనబడలేదు. బతుకులో మొదటిసారి నోట్లోంచి ఒక్క వెక్కిరింత కూడా రాలేదు.

కింద మంచులోంచి కేక వచ్చింది. పొద్దుటేల కేకే.

"ఎడం సెయ్యి పైకెయ్యి! గాటుంటాది, పట్టుకో!"

ఉంది. పట్టుకున్నాను.

"ఇనప కొక్కెం తగుల్తాది, దాన్ని నమ్మకు! పక్క తాడు పట్టు!"

ఆయనకి నేను కనబడను. నా మాట వినబడదు. అయినా నా చెయ్యి ఎప్పుడు ఎక్కడుందో ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చాడు. ఆ కొయ్య ఆయన ఒంట్లోనే ఉంది. "ముడి దొరుకుద్ది. నీ దిక్కు లాక్కో. ఇంకా. ఇంకా. వొదిలీ!"

వదిలేశాను. వల సర్రున నా చెవి పక్కనించి జారిపోయింది. కింద అందరూ ఒక్కసారి "హైలెస్సో" అన్నారు.

దిగాను. అప్ప నన్ను కూర్చోబెట్టి, తన చుట్ట తీసి నా నోట్లో పెట్టింది. నిప్పు లోపలికి. నేను ఏడ్చింది పొగకే.

"ఇదే," అంది అప్ప. "ఆడెక్కినప్పుడు పెతిసారీ కింద నాకు ఇదే."

గాలి తగ్గాక బావ పాకలోకి పోయి బంగారిని ఎత్తుకొచ్చాడు. చల్లబడి అది మేలుకుంది. రాయి మీద పెట్టి, మూత మీద కళ్లు చెమ్మగా ఉంటే తుండుతో ఒత్తాడు. అందరం చుట్టూ నిలబడ్డాం. ఏం చేస్తాడో అర్థమై దానయ్య చెవులు మూసుకున్నాడు.

బావ బంగారికి ఎదురుగా కూర్చుని, గట్టిగా, దానికి వినబడేలా అన్నాడు:

"బంగారీ. పాతదానివైపోనావు. నానూ అయిపోనాను. సాలు. దిగిపోదాం."

పిడుగు పడలేదు. కొయ్య కూలలేదు. ఆయన మాట తెర మీద పెద్దక్షరాల్లో పడింది, ఎవరి మాటైనా పడినట్టే. బావ దాన్ని వేలు పెట్టి నిదానంగా చదువుకున్నాడు. చదివి, ఎవరో తనకి చెప్పిన కబురుకి ఒప్పుకున్నట్టు తలకాయ ఊపాడు.

మార్గశిరం, కొత్తది వచ్చాక. మంచు చిక్కన.

రిత్విక్‌కి కబురు పెడితే గడువు దాటిందంటూ మొదట బెట్టు చేశాడు. అప్ప రెండు డబ్బాల పులిహోర చేసి పంపింది. యంత్రం వచ్చింది. ఈసారి అతను సంచీ మెడలోంచి తియ్యలేదు.

అప్ప దానికి పసుపూ కుంకుమలతో కళ్లు దిద్దింది. "దీని ఎదర కూడా ఆ మాట అనకండి," అని అందరికీ వేలు చూపించింది.

సంఘంవాళ్లు సరంగు పేరు చెరపడానికి తడిగుడ్డ పట్టుకుని వచ్చారు. బావ అడ్డం చెప్పలేదు. తనే గుడ్డ అందుకుని తన పేరు తుడిచాడు. తుడిచి, "యంత్రం ఎంత కొత్తదైనా ఒక పొద్దు మొరాయిస్తాది. ఆ పొద్దుటికి కొయ్యెక్కీ మనిషి ఒకలు గావాల. రాసుకోండి," అని ఒక పేరు చెప్పాడు.

గరికిన నూకాలు.

నేను నవ్వాను, పరాచికం అనుకుని. ఎవరూ నవ్వలేదు. అప్ప మాత్రం కొంగు అడ్డం పెట్టుకుంది. అంటే ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారన్నమాట, ఏ గాలిచెవీ లేని చోట చూసుకుని.

ఇప్పుడు రోజూ పొద్దుటేల నాకు కొయ్యెక్కే పాఠం. ఆయన రాయి మీద కూర్చుని కేకలేస్తాడు. ఎడం సెయ్యి, కుడి కాలు, నడుం వంచకు, మేకలా సూడకు. దిగొచ్చి గంజి తాగుతుంటే ఎదురుగా ఆ మొహం. పోలేదు. ఇంకొంచెం వెలిగింది కూడానూ, నన్ను తిట్టే పని దొరికింది కదా.

కొత్తది లాగు రాసుకుంటుంది. ఇవాళ్టిది చూశాను. "గాలి పడమర. నీరు నిండు." అంతే. సంఘానికి అది చాలట. నాకు చాలదు. బంగారిని వలల నుంచి విప్పేశాం. ఇక దానికి వేడెక్కే పని లేదు. బావ ఒళ్లో కూర్చుని లోకం మాటలన్నీ ఆయనకి రాసి చూపించడమే దాని కొలువు. ఆయన కునుకు తీసినప్పుడు నేను ఎత్తుకొచ్చి ఇలా గిలుకుతుంటాను. నా పాత రాతలన్నీ కూడా ఆయన చదివేశాడని నిన్ననే తెలిసింది. చదవకూడదని ఎవరూ అనలేదు కదా అన్నాడు. "ముసలమ్మలా కునుకుతున్నాదని బంగారిని రాసినావు, అది నొచ్చుకోదేటే?" అని కూడా అడిగాడు.

ఈ ఒక్క పూటా ఒంట్లో బాగోలేదని చెప్పి పాక వెనక కూర్చున్నాను. చేతులు బొబ్బలెక్కాయి. ఇవాళ నన్ను ఎవరూ కొయ్యెక్కించలేరు, ఆ ముసలాయన నిద్ర లేచేసరికి నేను ఎటో

ఒలే నూకాలూ. ముసలాయన నెగిసినాడు. రాసిన కాడికి సాలు. మంచొత్తంది. నెగు. బేగి ఎక్కు.